చిల్లర పోగేసి ప్రయాణానికి దాచే యాప్: ఎక్కడ మొదలుపెట్టాలి?

నీలిగువ్వ

అందరికీ నమస్కారం. నేనూ నా స్నేహితురాలూ కలిసి ఒక చిన్న యాప్ కడదామనుకుంటున్నాం. ఫోన్‌తోనో కార్డుతోనో 147 కట్టారనుకోండి, దాన్ని 150గా లెక్కేసి మిగిలిన 3 పక్కన పెట్టాలి. అలా పోగైన చిల్లర ఒక ప్రయాణానికే వాడుకోవాలి. ఎక్కడికి, ఎప్పుడు, సుమారు ఎంత అవుతుంది అన్నది మొదటే రాసుకోవాలి.

యాప్ కట్టడం మాకు వచ్చు. డబ్బు వ్యవహారమే కొత్త. పోగైన డబ్బు ఎవరి దగ్గర ఉండాలి? చిల్లరతో నిజంగా ప్రయాణం ఖర్చు వస్తుందా? మొదటి వెర్షన్‌లో ఏం ఉంటే చాలు? ఈ దారిలో నడిచినవాళ్లు మొహమాటపడకుండా చెప్పండి. ఇది మాకు కాలక్షేపం కాదు. ఊళ్లు చూడాలని ఎంతో ఆశ ఉండి, ప్రతి ఏడూ "వచ్చే ఏడు చూద్దాం" అనుకుంటూ ఆగిపోయేవాళ్ల కోసం కడుతున్నాం.

రహదారి

వాడేవాళ్ల వైపు నుంచి ఒక మాట. నేను ప్రయాణాల కోసం విడిగా ఒక ఖాతా పెట్టుకున్నాను. జీతం పడే ఖాతాలో ఎంత మిగిలినా అది ఖర్చయిపోతుంది. పక్క ఖాతాకు మారిన డబ్బు జోలికి మాత్రం వెళ్లబుద్ధి కాదు. డబ్బు అదే, కానీ దానికి పేరు పెట్టగానే మన మనసులో దాని స్థానం మారిపోతుంది. 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్ దీన్నే మెంటల్ అకౌంటింగ్ అన్నారు.

కాబట్టి యాప్‌లో ఆ చిల్లర పోగయ్యే డిబ్బీ మీద "పొదుపు" అని రాసి ఉండటం కన్నా, నేను వెళ్లాలనుకున్న చోటి పేరు ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నాకైతే యాప్ మొత్తంలో ఇదే ముఖ్యం.

లెక్కకట్ట

చిల్లరతో ప్రయాణం ఖర్చు వస్తుందా అన్న ప్రశ్నకు లెక్క వేసి చూద్దాం. కరెన్సీ ఏదైనా సరే.

పై పదికి సర్దుతున్నారనుకోండి. చివరి అంకె 0 నుంచి 9 దాకా ఏదైనా సమానంగా వచ్చే అవకాశం ఉంటే, ఒక్కో చెల్లింపుకు సగటున 4.5 పోగవుతుంది. నెలకు 60 చెల్లింపులు చేసేవారికి 270. ప్రయాణానికి 40,000 కావాలంటే 148 నెలలు పైమాటే, అంటే పన్నెండేళ్లు దాటిపోతుంది. అదే మనిషి పై వందకు సర్దితే సగటు 49.5, నెలకు 2,970. పద్నాలుగు నెలల్లో ప్రయాణం ఖాయం.

అంటే ఈ యాప్ పనిచేస్తుందా లేదా అన్నది ఎక్కడికి సర్దుతారన్న ఒక్క అంకె మీద ఆధారపడి ఉంది. దాన్ని సెట్టింగ్స్‌లో ఎక్కడో దాచకండి. మొదటి స్క్రీన్ మీదే పెట్టి, దాన్ని జరిపినప్పుడు "ఎన్ని నెలలు" అన్నది పక్కనే మారుతూ కనిపించాలి.

ఇంకో సంగతి. అంకెలు సమానంగా వస్తాయనుకోవడం కాగితం మీద లెక్క. ధరలు 99తోనో 00తోనో ముగిసేలా పెట్టడం మామూలే. 499 కడితే ఒక్కటే పోగవుతుంది, 500 కడితే సున్నా. సరిగ్గా సున్నాతో ముగిసినప్పుడు ఏం చేయాలో ముందే తేల్చుకోండి: ఏమీ తీయకపోవడమా, పూర్తి పది తీయడమా? నా ఓటు ఏమీ తీయకపోవడానికే. యాప్ చెప్పిన మాటకూ తీసిన డబ్బుకూ తేడా వస్తే నమ్మకం పోతుంది.

మబ్బుచాటు

లెక్కకట్ట గారి పోస్ట్ చదివాక నాకు వచ్చిన సందేహం. నెలకు 2,970 కావాలంటే చిల్లర వేషం దేనికి? ప్రతి నెలా ఫలానా తేదీకి ఇంత పక్క ఖాతాకు పంపమని బ్యాంకుకు ఒకసారి చెప్తే సరిపోతుంది కదా. పైగా చిల్లర సర్దడం కొత్త ఆలోచనేం కాదు. బ్యాంక్ ఆఫ్ అమెరికా 2005లోనే 'కీప్ ది చేంజ్' పేరుతో తెచ్చింది. ఏకార్న్స్ అనే అమెరికా యాప్ 2014 నుంచి అలాంటి చిల్లరను పెట్టుబడిగా మారుస్తోంది. మీరు కొత్తగా ఇచ్చేదేమిటి?

నిరుత్సాహపరచాలని కాదు. ఈ ప్రశ్నకు జవాబు లేకుండా కోడ్ రాయడం మొదలుపెట్టకండి.

నీలిగువ్వ

మంచి ప్రశ్న. మా జవాబు ఇది. బ్యాంకు పక్కన పెట్టిన డబ్బుకు గమ్యం తెలియదు. "ఈ వేగంతో వెళ్తే టికెట్ కొనే రోజుకు డబ్బు సరిపోతుందా" అని ఎవరూ చెప్పరు. నెలనెలా పెద్ద మొత్తం పంపమంటే చాలామంది రెండో నెలకే ఆపేస్తారు. ఎందుకంటే ఆ మొత్తం కళ్లకు కనిపిస్తుంది. చిల్లర అలా కాదు. ఖర్చు పెట్టిన రోజు ఎక్కువ వెళ్తుంది, పెట్టని రోజు అసలు వెళ్లదు. మొదలుపెట్టడానికి చిల్లర, చేరుకోవడానికి లెక్క. ఆ రెండోదే మేం కట్టాలనుకుంటున్నది.

లెక్కకట్ట

అలాగైతే పెంచుకుంటూ పోయే ఏర్పాటు కూడా పెట్టండి. థేలర్, ష్లోమో బెనార్ట్జీ కలిసి 2004లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. జీతం పెరిగినప్పుడల్లా పొదుపు శాతం దానంతట అదే పెరిగేలా ఉద్యోగుల దగ్గర ముందే ఒప్పుకోలు తీసుకున్నారు. 40 నెలల్లో వాళ్ల సగటు పొదుపు 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. ఇప్పుడు ఇవ్వమంటే మనసొప్పదు, ముందు ముందు ఇస్తావా అంటే ఒప్పుకుంటాం.

మీ యాప్‌కు అన్వయిస్తే: మొదట పై పదికి సర్దండి. మూడు నెలల తర్వాత రెట్టింపు చేయమంటారా అని ఈ రోజే అడగండి. అమలయ్యే ముందు రోజు ఒక సందేశం పంపి, వద్దనుకుంటే ఆపేసే వీలివ్వండి. ఇది చాలా ముఖ్యం. చెప్పకుండా పెంచితే అది మోసం.

తీరం

నేను స్క్రీన్లు గీసే మనిషిని. ఇక్కడ నాకు బాగా నచ్చిన అవకాశం ఒకటుంది.

ప్రయాణం ఖర్చు ఒకే ముద్ద కాదు. టికెట్లు, వీసా, బస, అక్కడ తిరిగే ఖర్చు అని ముక్కలుగా ఉంటుంది. అవి ఒకే రోజు కట్టేవి కూడా కావు. టికెట్ నెలల ముందు కొంటాం, బసకు చాలాసార్లు దిగిన రోజే కడతాం. కాబట్టి గమ్యాన్ని ముక్కలుగా విడదీసి, మొదట టికెట్ డిబ్బీ నిండేలా చూడండి. అది నిండగానే "ఇప్పుడు టికెట్ కొనుక్కోవచ్చు" అని చెప్పండి. టికెట్ చేతిలో పడ్డాక మనిషి వెనక్కి తగ్గడు. ఖాళీ డిబ్బీలో 3 శాతం అని కనిపిస్తే మాత్రం మూడో వారానికే యాప్ తీసేస్తాడు.

గమ్యం దగ్గరపడేకొద్దీ ప్రయత్నం వేగం అందుకుంటుందని 1930లలోనే మనస్తత్వవేత్త క్లార్క్ హల్ ఎలుకల మీద ప్రయోగాలతో చూపించారు. 2006లో రాన్ కివెట్జ్, ఆయన సహచరులు కాఫీ కార్డుల మీద మనుషుల్లోనూ అదే చూశారు. పది ముద్రలకు ఒక కాఫీ ఉచితమైతే, చివరి ముద్రల దగ్గరికొచ్చేసరికి జనం త్వరత్వరగా వచ్చి కొన్నారు. ఒక పెద్ద గమ్యాన్ని నాలుగు చిన్న గమ్యాలుగా చేస్తే ఆ ఊపు నాలుగుసార్లు దొరుకుతుంది.

వద్దనేవి కూడా చెప్తాను. "వరుసగా ఇన్ని రోజులు" లాంటి లెక్కలు పెట్టకండి. డబ్బు ఇబ్బంది ఉన్న వారంలో ఆ వరుస తెగితే మనిషికి తప్పు చేసినట్టు ఉంటుంది. ఏడుపు ముఖం బొమ్మలు, "మీ కల దూరమవుతోంది" లాంటి నోటిఫికేషన్లు అసలే వద్దు. పొదుపు ఆగిన నెలలో ఆ మనిషి ఇంట్లో ఏం జరుగుతోందో మనకు తెలియదు.

రహదారి

ఈ చివరి పేరాకు వంద దండాలు.

పాతబ్యాంకు

చాలా ఏళ్లు బ్యాంకు చెల్లింపుల విభాగంలో పనిచేశాను. డబ్బు ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నకే జవాబిస్తాను, మిగతావి మీకే బాగా తెలుసు.

మీ దగ్గర ఉండకూడదు. ఒక్క రోజు కూడా.

జనం డబ్బు మీ కంపెనీ ఖాతాలోకి వచ్చిన క్షణం నుంచి మీరు యాప్ కట్టేవాళ్లు కారు, ఆర్థిక సంస్థ. దాదాపు ఏ దేశంలోనైనా దానికి లైసెన్స్ కావాలి. యూరప్‌లో ఈ-మనీ సంస్థగా (జనం డబ్బును ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే సంస్థగా) అనుమతి తీసుకోవాలి, వాడుకరుల డబ్బును సొంత డబ్బుతో కలపకుండా విడిగా కాపాడాలి. అమెరికాలో డబ్బు బదిలీ లైసెన్సులు రాష్ట్రాలవారీగా ఉంటాయి. ఇద్దరు మనుషులు మొదటి ఏడాదిలో మోయగల బరువు కాదది.

రెండో దారి ఉంది. డిబ్బీ ఖాతా వాడుకరి సొంత పేరు మీద, వాళ్ల సొంత బ్యాంకులోనే ఉంటుంది. మీరు లెక్క మాత్రమే చెప్తారు. వాడుకరి అనుమతిస్తే మీ తరఫున ఒక సూచన బ్యాంకుకు వెళ్తుంది. డబ్బు వాళ్ల జేబులోంచి వాళ్ల జేబులోకే వెళ్తుంది. యూరప్‌లో 2018 నుంచి అమల్లోకి వచ్చిన పీఎస్‌డీ2 అనే చెల్లింపుల చట్టం ఈ రెండు పనులనూ విడదీసింది: ఖాతా వివరాలు చూడటానికి ఒక అనుమతి, చెల్లింపు మొదలుపెట్టడానికి ఇంకో అనుమతి. చూడటానికి మాత్రమే అనుమతి తీసుకునే సేవకు నియమాలు కాస్త తేలిక. మీరు ఏ దేశంలో మొదలుపెట్టినా మొదట ఆ తేలిక వైపే నిలబడండి. కోడ్ రాసే ముందు ఆ దేశపు చట్టం తెలిసిన లాయర్‌తో ఒక గంట కూర్చోండి.

నీలిగువ్వ

చాలా థాంక్స్ అండీ. ఒక అనుమానం. లైసెన్స్ ఉన్న బ్యాంకుతో ఒప్పందం చేసుకుని, మధ్యలో ఏపీఐ (యాప్‌ను బ్యాంకు సాఫ్ట్‌వేర్‌తో కలిపే దారి) ఇచ్చే కంపెనీ ద్వారా డిబ్బీలు తెరవొచ్చని చాలాచోట్ల చదివాం. అదీ వద్దంటారా?

పాతబ్యాంకు

చేయొచ్చు, చేసేవాళ్లున్నారు. కానీ ముందు 2024లో అమెరికాలో సినాప్స్ అనే కంపెనీకి ఏమైందో తెలుసుకోండి. యాప్‌లకూ బ్యాంకులకూ మధ్య నిలబడి ఎవరి డబ్బు ఎంత అన్న పద్దు రాసే కంపెనీ అది. ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది. ఆ తర్వాత చూస్తే దాని పద్దుకూ బ్యాంకుల పద్దుకూ పొంతన లేదు. కోర్టు నియమించిన ట్రస్టీ జెలీనా మెక్‌విలియమ్స్ ఆ తేడాను 6.5 కోట్ల నుంచి 9.6 కోట్ల డాలర్ల మధ్య ఉండొచ్చని అంచనా వేశారు. వేలమంది తమ డబ్బు తీసుకోలేక నెలల తరబడి ఎదురుచూశారు.

వాళ్లలో చాలామంది "బీమా ఉంది కదా" అనుకున్నారు. అమెరికాలో ఆ డిపాజిట్ బీమా బ్యాంకు మునిగినప్పుడే పనిచేస్తుంది. ఇక్కడ మునిగింది బ్యాంకు కాదు, మధ్యలో ఉన్న కంపెనీ.

కాబట్టి ఆ దారి పట్టేవాళ్లు రెండు విషయాలు అడగాలి. వాడుకరి పేరుతో పద్దు ఎవరు రాస్తున్నారు? బ్యాంకు పద్దుతో దాన్ని ప్రతి రోజూ సరిచూస్తున్నారా? రెండో దానికి "నెలకోసారి" అని జవాబొస్తే లేచి వచ్చేయండి.

కోడుగూడు

పాతబ్యాంకు గారు చెప్పింది వంద శాతం నిజం. ఇక నా వైపు నుంచి, బ్యాకెండ్ కబుర్లు, అంటే తెర వెనక సర్వర్ పని గురించి. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

డబ్బును దశాంశ సంఖ్యగా దాచకండి. కంప్యూటర్ దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే మామూలు ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. చిల్లర లెక్కే మీ వ్యాపారం కాబట్టి ఇది మీకు ప్రాణాంతకం. కరెన్సీలో ఉన్న అతి చిన్న ప్రమాణంలో, పూర్ణ సంఖ్యగానే దాచండి. ఆ చిన్న ప్రమాణం అన్నిటికీ వందో వంతు కాదు. కరెన్సీల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 4217 పట్టిక చూడండి: డాలర్‌కు రెండు దశాంశ స్థానాలు, జపాన్ యెన్‌కు సున్నా, కువైట్ దినార్‌కు మూడు. సర్దే మెట్టు కూడా కరెన్సీని బట్టి మారాలి. 10 యెన్‌కు సర్దితే ఏమీ రాదు, 10 దినార్లకు సర్దితే మనిషి గుండె ఆగుతుంది.

చెల్లింపు కనిపించగానే చిల్లర తీయకండి. కార్డు చెల్లింపు మొదట పెండింగ్‌లో ఉండి, తర్వాత ఖరారవుతుంది. హోటల్లో దిగినప్పుడు, పెట్రోలు బంకులో ముందుగా ఒక అంచనా మొత్తాన్ని బ్లాక్ చేసి, తర్వాత అసలు మొత్తాన్ని తీసుకుంటారు. పెండింగ్ మీద లెక్క వేస్తే ఒకే ఖర్చుకు రెండుసార్లు, అదీ తప్పు మొత్తం మీద చిల్లర తీస్తారు. ఖరారైనవాటినే తీసుకోండి. రెండు మూడు రోజులు ఆలస్యమైతే ఎవరికీ నష్టం లేదు.

బ్యాంకు నుంచి వచ్చే సమాచారం ఒక్కసారే వస్తుందని, వరుసలో వస్తుందని అనుకోకండి. అదే చెల్లింపు గురించి రెండుసార్లు కబురు రావచ్చు, నిన్నటిది రేపు రావచ్చు. ప్రతి చెల్లింపుకు ఒక గుర్తు, ఆ గుర్తుతో ఒక్కసారే చిల్లర లెక్క. మీరు బ్యాంకుకు పంపే బదిలీకీ అంతే. నెట్ తెగి జవాబు రాకపోతే మళ్లీ పంపుతారు కదా, అప్పుడూ అదే గుర్తుతో పంపాలి. లేకపోతే రెండుసార్లు కోత పడుతుంది.

పద్దు రాసేటప్పుడు పాత వరుసను ఎప్పుడూ దిద్దకండి, చెరపకండి. తప్పయితే దాన్ని సరిచేసే కొత్త వరుస రాయండి. ప్రతి కదలికకూ ఒక వైపు జమ, ఇంకో వైపు ఖర్చు. జంటపద్దు విధానం శతాబ్దాలుగా వర్తకుల దగ్గర నిలబడిందంటే ఊరికే కాదు. "నా డిబ్బీలో 412 ఎలా వచ్చింది" అని అడిగినవాళ్లకు ప్రతి మెట్టూ చూపించగలగాలి.

చివరిగా, ప్రతి 3కీ 7కీ ఒక బదిలీ పంపకండి. చాలాచోట్ల ఒక్కో బదిలీకి ఇంత అని రుసుము ఉంటుంది, 3 పంపడానికి అంతకన్నా ఎక్కువే కట్టాల్సి రావచ్చు. రోజూ లెక్క చూపించండి, వారానికి ఒకసారి మొత్తం కలిపి పంపండి.

చిరుగాలి

వస్తువు వెనక్కి ఇచ్చేసి డబ్బు తిరిగి తీసుకుంటే? అప్పటికే తీసిన చిల్లర సంగతి?

కోడుగూడు

వారం లెక్క ఇంకా వెళ్లకపోతే తీసేయండి. వెళ్లిపోయి ఉంటే వదిలేయండి, 3 కోసం బదిలీని వెనక్కి తిప్పడం వృథా. కానీ ఆ నియమం యాప్‌లో ఒక వాక్యంలో రాసి ఉండాలి.

చిరుగాలి

అర్థమైంది. ఇంకో భయం. నా ఖాతాలో నెలాఖరుకు కొంచెమే మిగులుతుంది. అప్పుడు మీ యాప్ 200 లాగేస్తే, మర్నాడు కట్టాల్సిన వాయిదా ఆగిపోతుంది. నాలాంటి వాళ్లకు ఇదే పెద్ద టెన్షన్.

పాతబ్యాంకు

ఈ భయం నిజమైనదే. హలో డిజిట్ అనే కంపెనీ పొదుపు యాప్ సొంత లెక్కతో ఎంత తీయాలో తానే నిర్ణయించేది. ఖాతా ఎప్పుడూ ఖాళీ కాదని మాటిచ్చింది. కానీ వాడుకరుల ఖాతాలు అడుగంటి వాళ్లకు జరిమానాలు పడ్డాయి. 2022 ఆగస్టులో అమెరికా వాడుకరుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీ ఆ కంపెనీకి 27 లక్షల డాలర్ల జరిమానా వేసి, నష్టపోయినవాళ్లకు సొమ్ము తిరిగి ఇమ్మంది.

ఖాతాలో ఇంత కన్నా తక్కువ ఉంటే ముట్టుకోవద్దు అనే హద్దును వాడుకరే పెట్టుకోవాలి. బదిలీకి ముందు రోజు కబురు వెళ్లాలి. కబురులో "ఈ వారం వద్దు" అనే బటన్ ఉండాలి, దాన్ని నొక్కితే కారణం అడగకూడదు. నిల్వ ఎంతుందో తాజాగా తెలియకపోతే బదిలీ జరగకూడదు. అనుమానం ఉన్నచోట డబ్బు కదలకుండా ఉండటమే సరైన పని.

తీరం

వారం లెక్కను జీతం వచ్చిన మర్నాటికి మార్చుకునే వీలు కూడా ఇవ్వండి. ఎవరి చేతికి డబ్బు ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలుసు.

రహదారి

నలుగురు కలిసి వెళ్లే ప్రయాణానికి ఒకే డిబ్బీ పెట్టుకునే వీలుంటుందా? నాకు ఇది చాలా కావాలి. ఒంటరిగా దాచుకునేటప్పుడు బద్ధకిస్తాం. స్నేహితులు కూడా దాస్తున్నారని కనిపిస్తే మనం ఆగం.

కోడుగూడు

నా సలహా: వద్దు. ఉమ్మడి డిబ్బీ అంటే ఉమ్మడి డబ్బు. ఒకరు మానుకుంటే ఎంత వెనక్కివ్వాలి? ఇద్దరికి గొడవొస్తే ఎవరి మాట చెల్లాలి? ఒకరు చనిపోతే వాళ్ల వాటా ఎవరిది? ఖాతా ఎవరి పేరు మీద ఉంటే చట్టం ముందు డబ్బు సాధారణంగా వాళ్లదే అవుతుంది.

తీరం

ఇక్కడ నేను ఒప్పుకోను. మీరు చెప్పిన కష్టాలన్నీ డబ్బు కలపడం వల్ల వచ్చేవి. రహదారి గారు అడిగింది కలిసి చేరడం. డబ్బు ఎవరి ఖాతాలో వాళ్లకే ఉండనివ్వండి, కలపాల్సింది బొమ్మను మాత్రమే. నలుగురి డిబ్బీలూ ఒకే స్క్రీన్ మీద ఒకే ప్రయాణం కింద కనిపిస్తాయి.

కోడుగూడు

అలాగైతే సరే. కానీ ఎవరు ఎంత దాచారన్న అంకె చూపించకండి. జీతం తక్కువున్నవాళ్లకు అది నలుగురిలో చిన్నతనం. ఎవరి గమ్యంలో ఎంత శాతం అయిందో చాలు.

తీరం

శాతం కూడా వాళ్లు ఒప్పుకుంటేనే. "టికెట్ డిబ్బీ నిండింది" అన్న ఒక్క గుర్తు సరిపోతుందేమో. నలుగురికీ అది పడితే ఒకే రోజు కలిసి టికెట్లు కొనుక్కోవచ్చు.

రహదారి

నేను అడిగినదాని కన్నా ఇదే బాగుంది.

మబ్బుచాటు

ఇంతసేపూ ఎవరూ అడగని ప్రశ్న. మీకు డబ్బు ఎలా వస్తుంది?

నెలకింత రుసుము అంటే చిన్న పొదుపును అది తినేస్తుంది. ఏకార్న్స్ మొదట్లో చిన్న ఖాతాలకు నెలకు 1 డాలర్ తీసుకునేది. ఖాతాలో 100 డాలర్లే ఉన్నవారికి అది ఏడాదికి 12 శాతం. టికెట్లు, హోటళ్లు అమ్మి కమీషన్ తీసుకుంటారా? అప్పుడు చవకైన దారి చూపించాలన్న ఆసక్తి మీకు ఉండదు. వాడుకరి ఖర్చుల వివరాలు అమ్ముకుంటారా? అలాగైతే నేను ఈ చర్చలోంచి వెళ్లిపోతాను.

నీలిగువ్వ

వివరాలు అమ్మం. ఇది మొదటి రోజు నుంచి మా ఇద్దరి మాట. కమీషన్ మీదా నాకు మనసు లేదు. ఒక ప్రయాణానికి ఒకసారి, అదీ గమ్యం చేరినప్పుడే చిన్న రుసుము తీసుకోవాలని అనుకుంటున్నాం. చేరకపోతే ఏమీ వద్దు.

లెక్కకట్ట

భావం బాగుంది. కానీ మీ ఖర్చు నెలనెలా ఉంటుంది, రాబడి ఏడాదికో రెండేళ్లకో వస్తుంది. ఖాతా సమాచారం ఇచ్చే ఏపీఐలకు వాడుకరికి ఇంత అని నెలవారీ ఛార్జీ ఉండటం మామూలే. రుసుము శాతంగా కాకుండా స్థిరంగా ఉంచండి. ఎక్కువ ఖర్చయ్యే ప్రయాణం పెట్టుకోమని ప్రోత్సహించాలన్న ఆశ మీకే పుట్టకుండా ఉంటుంది.

మబ్బుచాటు

చేరినప్పుడే రుసుము అనే మాట నాకు నచ్చింది. వాడుకరి గెలిస్తేనే మీరూ గెలుస్తారు. నిలదొక్కుకోవడం కష్టం, కానీ నిజాయితీ ఉంది.

చిరుగాలి

విదేశీ ప్రయాణం అయితే? దాచేది మన కరెన్సీలో, ఖర్చు అక్కడి కరెన్సీలో. మారకం రేటు మారితే డిబ్బీ నిండినట్టా, నిండనట్టా?

లెక్కకట్ట

గమ్యాన్ని అక్కడి కరెన్సీలోనే రాసుకోనివ్వండి. మన కరెన్సీలో ఎంతన్నది రోజూ కొత్తగా లెక్కేయండి, ఏ రోజు రేటుతో వేశారో పక్కనే చూపించండి. కార్డుతో కట్టినా నోట్లు మార్చుకున్నా మనకు దొరికే రేటు మామూలుగా వార్తల్లో కనిపించే రేటు కన్నా మనకు నష్టంగానే ఉంటుంది. అందుకని కొంచెం అదనం కలిపి చూపించడం మేలు. రేటు మారి శాతం వెనక్కి పోయినప్పుడు, "మీరు దాచింది తగ్గలేదు, ప్రయాణం ఖరీదు పెరిగింది" అని రెండు అంకెలూ విడివిడిగా చెప్పండి. అలా చెప్పకపోతే డబ్బు ఎవరో తీసేశారని భయపడతారు.

నీలిగువ్వ

ఇదంతా చదివి మేమిద్దరం మాట్లాడుకున్నాం. మొదటి వెర్షన్ డబ్బును ముట్టుకోదు. బ్యాంకు కనెక్షన్ కూడా ఉండదు. వాడుకరి తన స్టేట్‌మెంట్ ఫైల్ ఇస్తారు. గడిచిన మూడు నెలల ఖర్చుల మీద పై పదికి సర్దితే ఎంత, యాభైకి ఎంత, వందకు ఎంత పోగయ్యేదో, కోరుకున్న ప్రయాణం ఎప్పటికి అందేదో చూపిస్తాం. ఆ తర్వాత వారానికోసారి "ఈ వారం చిల్లర ఇంత, మీ డిబ్బీ ఖాతాకు పంపుకోండి" అని గుర్తుచేస్తాం. పంపడం వాళ్ల చేతి పని.

ఫోన్‌కు వచ్చే బ్యాంకు ఎస్‌ఎంఎస్‌లు చదివి లెక్కేద్దామని మొదట అనుకున్నాం కానీ అది పక్కన పెట్టాం.

కోడుగూడు

మంచి పని చేశారు. 2018లో ప్రకటించిన నిబంధనలతో గూగుల్ ప్లే ఎస్‌ఎంఎస్ అనుమతులను బాగా బిగించింది. కారణం చెప్పి ప్రత్యేకంగా ఒప్పించుకోవాలి. ఐఫోన్‌లో అయితే యాప్‌కు ఇన్‌బాక్స్ చదివే వీలే లేదు. అదీకాక ఆ ఇన్‌బాక్స్‌లో ఓటీపీలు ఉంటాయి, అవి చదవగలిగే యాప్‌ను నేనైతే ఫోన్‌లో ఉంచను.

స్టేట్‌మెంట్ విషయంలోనూ ఒక జాగ్రత్త. ఎవరు ఏ ఆసుపత్రికి వెళ్లారు, ఎవరికి ఎంత పంపారు అన్నదంతా అందులో ఉంటుంది. మీకు కావాల్సింది తేదీ, మొత్తం. ఈ రెండే. ఫైల్‌ను ఫోన్‌లోనే చదివి, ఆ రెండు కాలమ్‌లు తీసుకుని మిగతాది అక్కడే వదిలేయండి. మీ సర్వర్‌కు ఏదీ రాకపోతే దొంగిలించడానికీ ఏదీ ఉండదు.

పాతబ్యాంకు

చేతితో పంపుకోమంటే కొందరు పంపరు. ఆ సంగతి మీకు మొదటే తెలుస్తుంది, అది మంచిదే. ఎంతమంది చూశారు, ఎంతమంది నిజంగా పంపారు అన్న తేడాయే మీకు అసలు పాఠం. పంపనివాళ్లు బద్ధకం వల్ల పంపలేదని తేలితే అప్పుడు ఆటోమేటిక్ బదిలీ గురించి ఆలోచించండి. డబ్బు లేక పంపలేదని తేలితే ఆటోమేటిక్ చేయడం వాళ్లకు హాని.

మబ్బుచాటు

దాన్ని ఎలా కనుక్కుంటారు? మీ దగ్గర వాళ్ల నిల్వ వివరం ఉండదు కదా.

నీలిగువ్వ

అడుగుతాం. గుర్తుచేసే సందేశంలో మూడు బటన్లు: "పంపాను", "తర్వాత", "ఈ వారం వీలుకాదు". మూడోది నొక్కినవాళ్లకు తర్వాతి నెల గమ్యం తేదీని జరపమంటారా అని మాత్రమే అడుగుతాం. తీరం గారు, ఆ స్క్రీన్ మీద మాటలు ఎలా ఉండాలో కాస్త చూసిపెడతారా? గీసిన బొమ్మ ఇక్కడే పెడతాను.

తీరం

తప్పకుండా. "వీలుకాదు" బటన్ మిగతా రెండింటి కన్నా చిన్నదిగానో, వెలిసిన రంగులోనో పెట్టకండి. మూడూ ఒకే సైజులో ఉండాలి.

లెక్కకట్ట

స్టేట్‌మెంట్ మీద వేసే లెక్కకు నేను ఒక షీట్ తయారుచేసి పెడతాను. తేదీ, మొత్తం అతికిస్తే పదికి, యాభైకి, వందకు ఎంత పోగయ్యేదో చూపిస్తుంది. వాయిదాలు, అద్దె లాంటి స్థిరమైన చెల్లింపులను కలపాలా వద్దా అన్నదానికి ఒక టిక్ పెడతాను, దానివల్ల చాలా తేడా వస్తుంది. మీ యాప్ ఇచ్చే అంకెను దానితో సరిచూసుకోండి.

రహదారి

పరీక్షించడానికి నా పేరు రాసుకోండి. స్టేట్‌మెంట్ ఇవ్వను, షీట్‌లో నేనే వేసుకుని అంకె చెప్తాను.

నీలిగువ్వ

అది చాలండీ, మాకు కావాల్సింది అంకే. లెక్కకట్ట గారి షీట్ రాగానే లింక్ ఈ చర్చలోనే పెడతాను.